కారు గోదాట్లో, తాళం గట్టు మీద

మావయ్యగారిది పోస్టల్ డిపార్ట్‌మెంట్ కాబట్టి మా ఆయన చిన్నతనమంతా బదిలీల్లోనే గడిచింది. నరసాపురం, రాజోలు, అమలాపురం, కాకినాడ. అవన్నీ వరసపెట్టి మళ్ళీ చూసుకుంటూ, చివర్లో ఉప్పాడ బీచ్ రోడ్డు మీద కిటికీలు దించుకుని హాయిగా వెళ్ళాలట. కంగారేం లేదు, రిలాక్స్‌డ్ ట్రిప్ అన్నారు, అత్తయ్య కూడా వస్తానన్నారు, సరే పదండన్నా. హైదరాబాద్ నుంచి భీమవరం దాకా ఏమీ జరగలేదు కాబట్టి అదంతా వదిలేస్తున్నా.

నరసాపురంలో టేలర్ హైస్కూల్ గేటు ముందు ఫొటో, వీళ్ళు అద్దెకున్న ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ లేస్తే దాని ముందు కూడా ఒక ఫొటో, వాచ్‌మన్ అనుమానంగా చూశాడు. అత్తయ్య లేసు అల్లిన టేబుల్ గుడ్డలు కొన్నారు. దీనికి 2024లో జీఐ ట్యాగ్ (ఈ ఊరి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) వచ్చిందండీ అని షాపావిడ చెప్పింది, ధర వినగానే నాకూ నమ్మకం కుదిరింది.

తర్వాత అంతర్వేది. పాలకొల్లు వైపు వెనక్కెళ్ళి చించినాడ బ్రిడ్జి మీద వశిష్ఠ గోదావరి దాటొచ్చు, లేదంటే ఇక్కడే మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగొచ్చు. నేను బ్రిడ్జి అన్నా. "బ్రిడ్జి ఎక్కడానికి ఇంత దూరం రావాలా, మనింటి ముందే ఫ్లైఓవర్ ఉందిగా" అన్నారాయన. పంటు చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, పడవల మీద బల్లలు పరిచి, చుట్టూ రెయిలింగు కట్టి, కార్లనీ ఆటోలనీ బైకులనీ మనుషులనీ కలిపి ఒకేసారి అవతలి గట్టుకి దాటించే ఏర్పాటు అది. వరదలొస్తే ఆపేస్తారు. అక్కడో బ్రిడ్జి కట్టమని జనం ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఆ రోజునుంచి నేనూ అడుగుతున్నా.

ఇక మా కారు. కొత్తది, ఆటోమేటిక్. తాళంచెవి పెట్టి తిప్పే పని లేదు, అది జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్ట్, హ్యాండ్‌బ్రేక్ కూడా బటనే. అమ్మిన కుర్రాడు "ఇంక కీ సంగతి మర్చిపోవచ్చు సార్" అన్నాడు. మా ఆయన పెళ్ళిరోజు మర్చిపోతారు గానీ ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

కారుని పంటు మీద అందరికంటే ముందుకి తీసుకెళ్ళి ఆపారు. మా వెనకాల అంతర్వేది వైపు పడవలకి ఐసు తీసుకెళ్ళే ట్రక్కు ఆటో, ఇంకో కారు, బోలెడు బైకులు. అంతలో గట్టు మీద టీ కొట్టు దగ్గర ఎవరో కనిపించారు. "వాడు ఆరో క్లాసులో నా పక్కన కూర్చునేవాడిలా ఉన్నాడే, ఒక్క నిమిషం" అని దిగారు. అత్తయ్యకి ఏసీ ఉండాలని ఇంజన్ ఆన్‌లోనే ఉంచారు, ఫోన్ స్టాండ్‌లోనే ఉంచారు, తాళంచెవి మాత్రం ప్యాంటు జేబులో వెళ్ళిపోయింది.

పంటు కదిలింది. ఒకతను వచ్చి "ఇంజన్ ఆపేయాలమ్మా" అన్నాడు. రూలు కదా, బటన్ నొక్కా. కారు కీచుకీచుమంది, కీ కనబడట్లేదని స్క్రీన్ మీద ఎర్రగా రాసింది. తలెత్తి చూస్తే కీ గట్టు మీద టీ తాగుతోంది. మధ్యలో నీళ్ళు. "ఏమండీ!" అని అరిచా. రేవులో ఉన్న మగాళ్ళంతా తిరిగి చూశారు, ఆయన తప్ప.

కాసేపటికి ఆయన ఫోన్ మోగింది, తెలియని నంబరు. ఎత్తితే ఆయనే. నా నంబరు గుర్తులేదట, అందుకని తన నంబరుకే చేశారట. ఇన్నేళ్ళ కాపురం. "అక్కడే ఉండండి, వెనక పంటులో వచ్చేస్తున్నా" అన్నారు. అక్కడే ఉండటం మన చేతుల్లో ఉందా స్వామీ, మేమున్నదే కదిలే దాని మీద.

సఖినేటిపల్లిలో కారు కదల్లేదు. తాళం లేకపోతే గేరు మారదు, బ్రేకు వదలదు, చక్రాలు దొర్లవు. బైకులు పక్కనుంచి దూరిపోయాయి గానీ ఐసు ఆటోకి సందు లేదు. నలుగురూ చేరి సలహాలు మొదలుపెట్టారు, బ్యాటరీ తీగ పీకమని ఒకాయన, గేరు పక్కన చిన్న మూత ఉంటుంది యూట్యూబులో చూశానని ఒక కుర్రాడు (ఆ మూత కింద చిల్లర దొరికింది), అందరం కలిసి లేపేద్దామని ఇంకొకాయన. నిజంగానే లేపబోయారు. మోకాళ్ళ నొప్పులు, దిగలేనని అత్తయ్య లోపలే కూర్చున్నారు, "జాగ్రత్త నాయనా, నడుములు పట్టుకుంటాయి" అని అద్దం సందులోంచి చెప్తూ. ఐసు ఆటో అతను నా వైపే చూస్తూ "ఐసు కరిగిపోతాందండి" అన్నాడు. తిట్టుంటే బాగుండేది. అతని బండి కింద నుంచి సన్నగా ధార కారుతోంది, మళ్ళీ "కరిగిపోతాందండి" అన్నాడు.

ఈలోపు అటునుంచి రావాల్సిన జనం చుట్టూ ఎక్కేశారు, పంటు మమ్మల్నీ ఐసునీ వేసుకుని వెనక్కి బయల్దేరింది. టికెట్లబ్బాయి వచ్చి చెయ్యి చాపాడు. "బండి దిగనే లేదు కదా బాబూ, మళ్ళీ ఎక్కినట్టెలా అవుతుంది?" అని అత్తయ్య లాజిక్. "రేవు దాటుతుందా లేదా మామ్మగారూ" అని అతని లాజిక్. మామ్మగారన్నందుకు ఆవిడ హర్టయి ఇంక బేరం ఆడలేదు, కారుకీ మాకిద్దరికీ పూర్తి టికెట్టు కట్టా. మనసు ఉండబట్టలేక ఐసు ఆటోకి కూడా కట్టా.

సరిగ్గా గోదారి మధ్యలో ఎదురుగా ఇంకో పంటు. దాని ముందు భాగంలో, రెయిలింగు పట్టుకుని, గాలికి జుట్టు ఎగురుతుండగా, మా ఆయన. వెనక పంటులో వస్తానన్నారు కదా, మాట తప్పే మనిషి కాదు. జేబులోంచి తాళంచెవి తీసి పైకెత్తి చూపించారు, కప్పు గెలిచిన కెప్టెన్‌లాగా. మా పంటు మీద ఒకడు "విసిరెయ్యండి సార్, పట్టుకుంటా" అన్నాడు, "నేను కీపర్ని" అని ఇంకొకడు ముందుకొచ్చి వంగి నిలబడ్డాడు. మా ఆయన నిజంగా చెయ్యి వెనక్కి తిప్పారు. కాలేజీలో క్రికెట్ ఆడానని చెప్తుంటారు, ఎక్‌స్ట్రాలన్నీ ఆయనవేనని ఫ్రెండ్స్ చెప్తుంటారు. నేను "వద్దు" అని, రెండు పంటుల జనం "వెయ్యండి" అని, అత్తయ్య "వాడికి ఈత రాదు" అని, వెయ్యాల్సింది తాళమో మనిషో ఆవిడకి అర్థం కాలేదు పాపం, పెద్ద గొడవ. ఆఖరికి ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది, రిమోట్ బటన్ నొక్కారు. మా కారు కుయ్‌మని లైట్లు వెలిగించి సైడ్ అద్దాలు టపీమని ముడిచేసుకుంది. అద్దం మీద మోచెయ్యి ఆనించుకున్న పెద్దాయన అదిరిపడి వేరుశెనక్కాయలు పారబోసుకున్నాడు. ఆయన ఇంకోటి నొక్కారు, అద్దాలు తెరుచుకున్నాయి. జనం చప్పట్లు. అంతే, ఆయనకి హుషారొచ్చింది, పంటులు దాటిపోయేదాకా ముడవటం, తెరవటం, ముడవటం, తెరవటం. స్టార్ట్ మాత్రం అవ్వదు, దానికి కీ కార్లోనే ఉండాలట, అదీ టెక్నాలజీ. ఒక పిల్లాడు వాళ్ళమ్మని "ఇంకోసారి చెయ్యమనమ్మా" అని అడిగాడు. ఐసు అతను ఏమీ అనలేదు, ఇంక అనడానికి ఐసు లేదు.

తర్వాత ఎవరం ఎటు దాటామో చెప్పే ఓపిక లేదు. కారు స్టార్టయింది. అంతర్వేది చేరేసరికి చీకటి పడిపోయింది, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదావరి సముద్రంలో కలవటం చూపిస్తానన్న మనిషి చీకట్లోకి వేలు పెట్టి "అదిగో" అన్నారు. రాజోలు, అమలాపురం ఫొటోల్లోనే గుర్తు. యానాంలో పెట్రోలు చవకని లైన్లో నిలబెట్టారు. ఉప్పాడ దగ్గర కెరటాలు రాళ్ళగోడ దాటి రోడ్డు మీద పడుతున్నాయి, కిటికీలు దించలేదు.

ఇంతకీ ఆ టీ కొట్టు మనిషి క్లాస్‌మేట్ కాదు. తణుకు నుంచి వచ్చిన రొయ్యల మేత ఏజెంటు, అతని ఫోన్ నుంచే మాకు ఫోన్ వచ్చింది. అంటే నంబరు అతని దగ్గరుండిపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే చేస్తున్నాడు, చెరువు ఎన్నెకరాలు, ఏ కౌంటుకొచ్చింది (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయని) అని. రాంగ్ నంబరని చెప్పి పెట్టెయ్యొచ్చు కదా. ఈయనేమో బాల్కనీలో పచార్లు చేస్తూ "రెండెకరాలండీ, ఈసారి వైరస్ భయం ఎక్కువుంది" అంటున్నారు. మాకున్నది మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు.