నీలి లైటు ఆపి చూపించమనండి

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే ప్రతివారికీ, రాతి గూడు కట్టని మెత్తటి పగడాల గురించి దుకాణాల్లో వినిపించే మాట ఒకటే: "సాఫ్ట్ కోరల్స్ తీసుకోండి సార్, చాలా సులువు." ఇందులో సగమే నిజం. రెండో సగం ఎవరూ చెప్పరు. నా కోపమంతా దాని మీదే.

ముందు రంగుల సంగతి. అమ్మే చోట ట్యాంకుల మీద వెలిగేది దాదాపు నీలి కాంతి మాత్రమే. పగడం ఒంట్లోని కొన్ని ప్రొటీన్లు ఆ కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజ రంగులోనో మెరుస్తాయి. దీన్ని మోసం అనను, ఆ మెరుపు పగడానిదే. కానీ చీర కొనేటప్పుడు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూసేవాళ్లం, వేలు పోసి పగడం కొనేటప్పుడు ఒక్కసారి తెల్ల లైటు వేయమని ఎందుకు అడగం?

ఏ లైటు సాయమూ లేకుండా నిజంగానే రంగులీనేవి కొన్ని ఉన్నాయి. అసలు ఘోరం వాటి విషయంలోనే జరుగుతోంది. కార్నేషన్ కోరల్ పేరుతో అమ్మే డెండ్రోనెఫ్తియానే తీసుకోండి. గులాబీ, ఎరుపు, ఊదా రంగుల్లో కళ్లు తిప్పుకోనివ్వదు. సార్కోఫైటన్, సినులేరియా లాంటి లెదర్ కోరల్స్ దాని పక్కన వెలవెలబోతాయి. వాటికి ఆ గోధుమ రంగు ఇచ్చేవి కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. వెలుతురు పడితే అవి ఆహారం తయారుచేసి పగడానికీ పంచుతాయి. డెండ్రోనెఫ్తియాలో ఆ శైవలాలు లేవు. ప్రవాహంలో కొట్టుకొచ్చే వృక్ష ప్లవకాలను (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలను) పట్టి తింటుందని ఎర్ర సముద్రంలో చేసిన పరిశోధన 1995లోనే చూపించింది. అంటే మేత ఎడతెగకుండా అందుతూ ఉండాలి. అంత మేత వేస్తే ఇంటి ట్యాంకులో నీరు పాడవుతుంది, వేయకపోతే పగడం రోజురోజుకూ కుంచించుకుపోయి చస్తుంది. దీన్ని కొత్తవాళ్లకు అంటగట్టడాన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రావడం లేదు.

కాబట్టి నా ఓటు ఆ మట్టిరంగు సార్కోఫైటన్‌కే. అప్పుడప్పుడు అది ముడుచుకుని, ఒంటి మీద మైనం లాంటి పొర కట్టి, కొన్నాళ్లకు ఆ పొరను వదిలేస్తుంది. చచ్చిందనుకుని పారేసేవాళ్లున్నారు. నీటి ప్రవాహం కాస్త పెంచి ఓపిక పడితే చాలు. అయితే ఇది సాధుజీవి కాదు. పొరుగు పగడాలను అణచడానికి నీటిలోకి టెర్పీన్ రసాయనాలు వదులుతుంది. పక్కన రాతి పగడాలు ఉంటే ఆ రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ తప్పనిసరి. నెల నెలా నీరు మార్చడానికి బద్ధకించేవారు ఈ జోలికే రావద్దు.

రంగురంగుల బొత్తాల్లా ఉండే జోయాంథిడ్‌లనూ సాఫ్ట్ కోరల్స్ అనే అమ్ముతారు. జీవశాస్త్రం ప్రకారం అవి వేరే వర్గం. సరే, పేరుదేముంది. వాటిలో కొన్నింటిలో ఉండే పేలిటాక్సిన్ అనే విషం సంగతి దాచడమే తప్పు. హవాయిలో దొరికిన పేలిథోవా జాతి నుంచి 1971లో వేరుచేసిన ఈ విషం ప్రకృతిలో తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. దీనికి విరుగుడు మందు లేదు. అన్ని జోయాంథిడ్‌లలోనూ ఉండదు, కానీ చూసి గుర్తుపట్టడం మన వల్ల కాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 2018లో ట్యాంకులోంచి పగడం బయటికి తీసినందుకు ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారు. అవి అంటుకున్న రాయిని వేడినీటిలో మరిగించడం, బ్రష్షుతో గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ముట్టుకోవాలంటే చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. పిల్లలున్న ఇంటికి అమ్ముతూ ఈ నాలుగు మాటలు చెప్పడానికి నోరు నొప్పెడుతుందా?

చట్టం విషయానికి వస్తే, దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్ర విసనకర్రలు (సీ ఫ్యాన్స్ అనే పగడాలు) వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచో లక్షద్వీప్ నుంచో వాటిని పెకలించి తేవడం నేరం. విసనకర్రలు లెదర్ కోరల్స్‌కు దగ్గరి చుట్టాలే, రెండింటి పాలిప్‌లకూ (పగడంలోని ఒక్కో చిన్న జీవికీ) ఎనిమిదేసి టెంటకిల్స్, అంటే మీసాల్లాంటి చేతులు ఉంటాయి. "సాఫ్టే కదా సార్, ఏం కాదు" అన్న భరోసా మీద వాటిని కొంటే ఇబ్బంది పడేది మనమే. బిల్లు మీద శాస్త్రీయ నామం, ఎక్కడి నుంచి వచ్చిందీ రాసి ఇవ్వమని నేను అడుగుతాను. ఎవరైనా తన ట్యాంకులో కోసి పెంచిన ముక్కయితే మరీ మంచిది. "రంగు పగడం, ఒకటి" అని రాసిచ్చే చోట చేప మేత కూడా కొనను.