ఆ చివరి 14 గంటలు ఎటు పోయాయి?

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో ఎంతోమంది మహిళలు పనిచేశారు. వాళ్లు ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత సరుకు తయారుచేశారో అప్పటి ప్రభుత్వ కమిటీ నమోదు చేయించింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో ఆ పాత లెక్కలు తిరగేశారు. వారానికి 50 గంటలకు అటూఇటూగా ఉన్న గీత దాటాక, పెంచిన ప్రతి గంటకూ వచ్చే ఫలితం తగ్గుతూ పోయింది. 70 గంటలు చేయించినా 56 గంటల్లో వచ్చేదానికి మించి పెద్దగా రాలేదు.

అక్కడ లెక్కపెట్టడానికి గుండ్లు ఉన్నాయి కాబట్టి ఈ సంగతి బయటపడింది. ఆఫీసు పనిలో అలాంటి లెక్క కుదరదు. అందుకే కంటికి కనిపించేవాటినే కొలుస్తాం: రాత్రి ఎవరు ఆలస్యంగా వెళ్లారు, మెసేజ్‌కి ఎవరు క్షణంలో జవాబిచ్చారు. ఆ జవాబు కోసం మధ్యలో వదిలేసిన పని సంగతి ఎవరూ అడగరు. ఒక పని పూర్తికాకుండా ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లోనే చూపించారు. రోజంతా బిజీగా గడిపినా సాయంత్రానికి ఏమీ తెమలలేదనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

ఆరోగ్యం మాటకొస్తే, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35-40 గంటలు చేసేవారికన్నా పక్షవాతం ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. దీనికి చాలా కంపెనీలు ఇచ్చే మందు ఒక ధ్యానం యాప్! తప్పేం లేదు గానీ, నెత్తిమీద బరువు అలాగే ఉంచి ఊపిరి పీల్చడం నేర్పినట్టుంటుంది.

2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు ‘నాలుగు రోజుల వారం’ పేరుతో, జీతం తగ్గించకుండా పనివేళలు తగ్గించి చూశాయి. ఎక్కువ సంస్థలు ప్రయోగం ముగిశాక కూడా కొనసాగించాయి. ఇష్టపడి ముందుకొచ్చిన సంస్థలు కాబట్టి ఆ ఫలితం అందరికీ వర్తిస్తుందని నేననను. నాకు ముఖ్యమనిపించింది సెలవు రోజు కాదు, దానికోసం వాళ్లు మీటింగులకు కోత పెట్టుకోవాల్సి రావడం. ఆ కోత నాలుగు రోజుల వారం లేకపోయినా పెట్టొచ్చు. కొత్త పని అప్పగించేటప్పుడు పాతవాటిలో ఏది ఆపాలో కూడా మేనేజరే చెప్పాలి. ఇప్పుడు ఆ తలనొప్పి ఉద్యోగిదే.

నర్సులు, డ్రైవర్ల విషయంలో మీటింగులు తగ్గిస్తే సరిపోదు. అక్కడ గంటలు తగ్గాలంటే మనుషుల్ని పెంచాలి, అందుకు డబ్బు కావాలి. ఆ ఖర్చు సంగతి దాటేసి అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.