స్ప్రింగ్ ట్రైనింగ్: అభిమాని ఎవరి లెక్కలు వేస్తున్నాడు?

స్ప్రింగ్ ట్రైనింగ్, అంటే సీజన్‌కు ముందు జరిగే సన్నాహక క్యాంపులు, మొదలైందంటే అమెరికాలో బేస్‌బాల్ అభిమానుల మధ్య రెండు మాటలు గట్టిగా నడుస్తాయి. ‘ఆ కుర్రాడు నిన్న మళ్లీ హోమ్ రన్ కొట్టాడు, ఈసారి టీమ్‌లో ఉండాల్సిందే’ అన్నది ఒకటి. ‘ఉండాల్సిందే గానీ, ఒక రెండు వారాలు కింది లీగ్‌లో ఆపి తర్వాత పిలిస్తే మనకు ఇంకో ఏడాది కలిసొస్తుంది’ అన్నది రెండోది. మొదటి మాట చాలాసార్లు తప్పవుతుంది. అయినా అందులో ఆట మీద ఇష్టం ఉంది. రెండోది లెక్క ప్రకారం కరెక్టే, నా అభ్యంతరం మాత్రం దాని మీదే. సొంత టీమ్‌కి పనికొచ్చే ఆటగాడిని ఆడనివ్వకుండా ఆపడం తెలివైన పని అని అభిమానే వాదించే దాకా ఎలా వచ్చాం?

ఈ ఆటకు కొత్తవాళ్ల కోసం కాస్త వివరం. హోమ్ రన్ అంటే ఒకే దెబ్బతో నాలుగు బేస్‌లూ చుట్టి రావడం, మామూలుగా బంతి ఫెన్స్ దాటితే వచ్చేది. అన్నిటికంటే పై స్థాయి మేజర్ లీగ్, కింది మెట్లు మైనర్ లీగులు. మేజర్ లీగ్‌లో 30 జట్లు. ఫిబ్రవరి నడిమికి సగం ఫ్లోరిడాకి, సగం అరిజోనాకి చేరుకుంటాయి. ముందు పిచ్చర్లు (బంతి వేసేవాళ్లు), క్యాచర్లు (బ్యాటర్ వెనక దాన్ని అందుకునేవాళ్లు) వస్తారు, కొన్ని రోజుల తేడాతో మిగతావాళ్లు. మార్చి చివరిదాకా ప్రాక్టీస్ మ్యాచ్‌లు. ఒక్కో క్యాంపులో అరవై మంది దాకా కనిపిస్తారు. ఓపెనింగ్ డే నాటికి మిగిలేది 26 మంది. టెక్సాస్ రేంజర్స్ క్యాంపు అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్లో జరుగుతుంది. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఈ జట్టు దూరమేమీ కాదు. మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఫ్రిస్కోలోనే రేంజర్స్ డబుల్-ఎ (మైనర్ లీగుల్లో పై నుంచి రెండో మెట్టు) జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. ఇప్పుడు మేజర్ లీగ్ క్రికెట్ జరిగే గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం కూడా ఒకప్పటి బేస్‌బాల్ మైదానమే. అందుకని ముందు రేంజర్స్ కుర్రాడి సంగతే చూద్దాం.

వ్యాట్ లాంగ్‌ఫర్డ్‌ను రేంజర్స్ 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) నాలుగో పిక్‌గా తీసుకుంది. ఆ ఏడాదే మైనర్ లీగుల్లో నాలుగు మెట్లు, ఫ్రిస్కోతో సహా, 44 మ్యాచ్‌ల్లో ఎక్కేశాడు. 2024 స్ప్రింగ్‌లో 6 హోమ్ రన్లు కొట్టి .365 సగటుతో (వెయ్యి అవకాశాలకు 365 హిట్ల లెక్కన) అదరగొట్టాడు. నేరుగా ఓపెనింగ్ డే టీమ్‌లోకి తీసుకున్నారు. తీరా అసలు సీజన్ మొదలయ్యాక నెల రోజుల పాటు ఒక్క హోమ్ రన్ లేదు. ఏప్రిల్ 28న సిన్సినాటి మీద మొదటిది వచ్చింది. అది కూడా ఫెన్స్ దాటి పడింది కాదు. ఫీల్డర్లు బంతిని అందుకుని వెనక్కి విసిరేలోగా నాలుగు బేస్‌లూ చుట్టి ఇంటికి చేరాడు. మార్చిలో ఆరుసార్లు బంతిని ఫెన్స్ అవతల పడేసిన మనిషి, మొదటి నిజమైన హోమ్ రన్ కాళ్లతో సంపాదించుకున్నాడు. జూన్ 30న బాల్టిమోర్ మీద ఒకే మ్యాచ్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ (ఒకటి, రెండు, మూడు, నాలుగు బేస్‌ల దెబ్బలు) నాలుగూ కొట్టాడు. సెప్టెంబర్‌లో అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) ప్లేయర్ ఆఫ్ ది మంత్ అయ్యాడు. అతను మంచి ఆటగాడే. కానీ ఆ సంగతి తేల్చింది మార్చి అంకెలు కావు.

దీనికి పూర్తిగా ఎదురు కథ 2018లో షోహెయి ఒహ్తానిది. జపాన్ నుంచి వచ్చి ఏంజెల్స్ తరఫున మొదటి స్ప్రింగ్ ఆడాడు. బ్యాటింగ్‌లో 32 అట్-బ్యాట్స్‌లో (బ్యాటింగ్ అవకాశాల్లో) 4 హిట్లు, నాలుగూ సింగిల్సే. పిచ్చింగ్‌లో ఇఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు) 27.00. కింది లీగ్‌కి పంపాలని, అమెరికన్ పిచ్చింగ్‌ను ఎదుర్కోలేడని చాలామంది తీర్పులు ఇచ్చేశారు. సీజన్‌కు ముందు అతను చేసిన మార్పు చిన్నది. బంతి వచ్చేటప్పుడు ముందు కాలు పైకెత్తే అలవాటు మానేసి, మునివేళ్లు నేలకు ఆనించే ఉంచి మడమ మాత్రం లేపడం మొదలుపెట్టాడు. కదలిక తగ్గింది, బంతిని చూసే సమయం దొరికింది. ఏప్రిల్ మొదటి వారంలో వరుసగా మూడు మ్యాచ్‌ల్లో హోమ్ రన్లు. ఏప్రిల్ 8న ఓక్లాండ్ మీద 7 ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చి 12 మందిని స్ట్రయికౌట్ (బంతిని ఆడనివ్వకుండా అవుట్) చేశాడు. ఆ ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అతనే. ఆ మార్చిలో చూడాల్సింది ఆ కాలిని. అందరూ సగటునే పట్టుకుని కూర్చున్నారు.

స్ప్రింగ్ అంకెలు ఎందుకు మోసం చేస్తాయో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. పేరున్న పిచ్చర్ ఆ రోజు కొత్త బంతి ఒకటి ప్రయత్నిస్తుంటాడు. కొడితే కొట్టనీ అని అదే వేస్తాడు. నాలుగైదు ఇన్నింగ్స్ తర్వాత రెగ్యులర్ ఆటగాళ్లు వెళ్లిపోతారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో వచ్చే పిచ్చర్ గత ఏడాది కింది మెట్టు సింగిల్-ఎలో ఆడినవాడు కావచ్చు. బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్ స్ప్రింగ్ గణాంకాల పక్కన ‘ఎదుటి ఆటగాళ్ల స్థాయి ఎంత’ అని ఒక అంకె వేసేది ఇందుకే. అరిజోనా పొడిగాలిలో బంతి ఎక్కువ దూరం వెళ్తుంది. పైగా మొత్తం కలిపితే ఒక్కో బ్యాటర్‌కు వచ్చేది యాభై అరవై అవకాశాలు. అంత కొద్దిలో సగటు ఎటైనా ఊగుతుంది. వాపును చూసి బలుపు అనుకోకూడదంటే సగటును పక్కనపెట్టి పిచ్చర్ వేగం పెరిగిందా, బ్యాటర్ స్ట్రయికౌట్లు తగ్గాయా, బంతి బ్యాట్‌కి ఎంత గట్టిగా తగులుతోంది అన్నవి చూడాలి. కోచ్ అతన్ని కొత్త పొజిషన్‌లో నిలబెడుతున్నాడంటే, టీమ్‌లో చోటు వెతుకుతున్నాడని అర్థం. ఆ ఒక్క సంగతి మూడు హోమ్ రన్ల కంటే ఎక్కువ చెబుతుంది.

క్లబ్బులకు ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. అందుకే మార్చి అంకెలను బట్టి ఎవరినీ తీసుకోరు, ఎవరినీ వదులుకోరు. మరి దేన్ని బట్టి? చాలా సందర్భాల్లో కాంట్రాక్టు నిబంధనలను బట్టి. ఆప్షన్లు (స్వేచ్ఛగా కింది లీగ్‌కి పంపే వీలు) అయిపోయిన ఆటగాడిని కిందికి పంపాలంటే ముందు వేరే క్లబ్బులకు తీసుకునే అవకాశం ఇవ్వాలి. ఆప్షన్లు మిగిలి ఉన్న కుర్రాడిని మాత్రం ఎప్పుడైనా పంపొచ్చు. ఇద్దరిలో కుర్రాడే మెరుగ్గా ఉన్నా, పోయేది అతనే. ఇక అసలు మెలిక సర్వీస్ టైమ్. సీజన్‌లో దాదాపు 187 రోజులుంటాయి. 172 రోజులు మేజర్ లీగ్ జట్టులో ఉంటే ఒక ఏడాది పూర్తయినట్టు. అలాంటివి ఆరు పూర్తయితే ఆటగాడు ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుతోనైనా బేరం ఆడుకోవచ్చు. మొదటి మూడేళ్లు సాధారణంగా కనీస జీతం చుట్టూనే ఉంటుంది. అంటే ఒక కుర్రాడిని మొదట్లో పదహారు రోజులు ఆపితే చాలు, ఆరేళ్లు కాస్తా దాదాపు ఏడేళ్లు అవుతాయి.

చికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్ విషయంలో జరిగింది ఇదేనని నా నమ్మకం. 2014లో మైనర్ లీగుల్లో 43 హోమ్ రన్లు కొట్టాడు. 2015 స్ప్రింగ్‌లో 40 అట్-బ్యాట్స్‌లో 9 హోమ్ రన్లు, .425 సగటు. ఆ స్ప్రింగ్‌లో అతనికంటే ఎక్కువ హోమ్ రన్లు ఎవరూ కొట్టలేదు. మార్చి 30న కిందికి పంపేశారు. ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలన్నది క్లబ్ చెప్పిన కారణం. ప్లేయర్స్ యూనియన్ బహిరంగంగానే మండిపడింది. ఏప్రిల్ 17న పైకి పిలిచారు. మూడో బేస్‌లో ఆడే మైక్ ఓల్ట్ గాయపడ్డాడు కాబట్టి అన్నారు. ఈలోగా బ్రయంట్ కబ్స్ మైనర్ లీగ్ జట్టు ఐయోవాలో ఆడింది ఏడు మ్యాచ్‌లు. ఏడు మ్యాచ్‌ల్లో ఎవరి ఫీల్డింగూ మారిపోదు. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 171 రోజులున్నాయి. ఒక్క రోజు తక్కువ.

ఆ ఏడాది ఓటర్లంతా ఏకగ్రీవంగా అతన్నే రూకీ ఆఫ్ ది ఇయర్‌గా ఎన్నుకున్నారు. 2016లో ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు). అదే ఏడాది 1908 తర్వాత మొదటిసారి కబ్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచింది. ఆఖరి బంతిని అందుకుని మొదటి బేస్‌కి విసిరింది బ్రయంటే. తడి నేల మీద కాలు జారుతున్నా ముఖంలో నవ్వు ఆగలేదు. తనకు 2015కి పూర్తి ఏడాది సర్వీస్ ఇవ్వాలని అతను వేసిన గ్రీవెన్స్ (ఫిర్యాదు) 2020 జనవరిలో ఓడిపోయింది. క్లబ్ ఒప్పందాన్ని ఉల్లంఘించలేదని మధ్యవర్తి తేల్చారు. నిబంధన ప్రకారం అది సరే కావచ్చు. నిబంధనే అన్యాయం అన్నది నా వాదన.

దీనికి అభిమానులు ఇచ్చే జవాబు నాకు తెలుసు. ‘కబ్స్ మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో లేకపోతే లేకపోయాడు, మంచి ఆటగాడు ఇంకో ఏడాది మన దగ్గరే ఉంటాడుగా’ అంటారు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఏడాది అతన్ని దగ్గర ఉంచుకునే దారి క్లబ్‌కు ఎప్పుడూ తెరిచే ఉంటుంది: తగిన డబ్బు ఇచ్చి కాంట్రాక్టు రాసుకోవడం. సర్వీస్ టైమ్ ఆట ఆడేది ఆ డబ్బు ఇవ్వకుండా ఉండటానికే. అలా మిగిలిన సొమ్ముతో టికెట్ ధర తగ్గదు. కబ్స్ కూడా కలిసొచ్చిన ఆ ఏడాదిని పూర్తిగా వాడుకోలేదు. 2021 జులైలో అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి ట్రేడ్ చేసేసింది. ఐపీఎల్ వేలం రోజున మన దగ్గరా ‘పర్సులో ఎంత మిగిలింది’ అనే చర్చే ఎక్కువ. అయితే వేలంలో ఆటగాడి ధర అందరి ముందే తేలుతుంది. ఇక్కడ ఆ ధర తేలే రోజునే వెనక్కి జరుపుతున్నారు.

క్లబ్బులు ఈ పని చేస్తాయా లేదా అన్న అనుమానం 2021 ఫిబ్రవరిలో తీరిపోయింది. సియాటెల్ మెరినర్స్ అధ్యక్షుడు కెవిన్ మాథర్ ఒక రోటరీ క్లబ్ సమావేశంలో మాట్లాడిన వీడియో బయటికొచ్చింది. ఏ ప్రాస్పెక్టులను (పైకొస్తారని ఆశ ఉన్న కుర్రాళ్లను) సీజన్ మొదట్లో ఎందుకు పిలవబోవడం లేదో, వాళ్ల సర్వీస్ లెక్క ఏమిటో ఆయన దాచకుండా చెప్పారు. తమ కుర్రాడు జూలియో రోడ్రిగెజ్ ఇంగ్లిష్ గురించి చులకనగా మాట్లాడారు. కొద్దిరోజుల్లోనే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ మాటలు విని అభిమానులు భగ్గుమన్నారు. మంచిదే. కానీ అంతకుముందు ఎన్నో మార్చి నెలల్లో అదే లెక్కను మెచ్చుకుంటూ వచ్చింది కూడా అభిమానులే.

2021 డిసెంబర్ నుంచి 99 రోజులు సాగిన లాకౌట్ (క్లబ్బులు ఆటగాళ్లను బయటే ఉంచి పని ఆపేయడం) తర్వాత క్లబ్బులకూ యూనియన్‌కూ కుదిరిన ఒప్పందంలో కొంత మార్పు వచ్చింది. ప్రాస్పెక్టుల టాప్ 100 జాబితాల్లో ఉన్న కుర్రాడిని సీజన్ మొదటి నుంచీ ఆడించి, అతను రూకీ అవార్డు గెలిస్తే క్లబ్‌కు అదనంగా ఒక డ్రాఫ్ట్ పిక్ ఇస్తారు. రూకీ ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లకు, ఎప్పుడు పిలిచినా సరే, ఏడాది సర్వీస్ పూర్తిగా ఇస్తారు. ఫలితం వెంటనే కనిపించింది. అదే సియాటెల్ 2022లో జూలియో రోడ్రిగెజ్‌ను ఓపెనింగ్ డే నుంచే ఆడించింది. అతను అవార్డు గెలిచాడు, క్లబ్‌కు పిక్ దక్కింది. 2024లో మే 11న వచ్చిన పిట్స్‌బర్గ్ పిచ్చర్ పాల్ స్కీన్స్ అవార్డు గెలిచి పూర్తి ఏడాది సర్వీస్ పొందాడు. మిల్వాకీ ఇంకో దారి పట్టింది. ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడకముందే జాక్సన్ చౌరియోకి ఎనిమిదేళ్లకు 8.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఇక రోజులు లెక్కపెట్టే అవసరమే లేదు. 20 ఏళ్లకే సీజన్ మొదటి మ్యాచ్‌లో బరిలోకి దిగాడు.

కింది లీగ్‌కి పంపడం ప్రతిసారీ కుట్రేనని నేను అనను. 2024 స్ప్రింగ్‌లో బాల్టిమోర్ కుర్రాడు జాక్సన్ హాలిడే బాగానే ఆడాడు. అయినా కిందికి పంపితే అభిమానులు గొడవ చేశారు. ఏప్రిల్ 10న పిలిచారు. 34 అట్-బ్యాట్స్‌లో 2 హిట్లు కొట్టాడు, మళ్లీ కిందికి వెళ్లాడు. 2022 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయిన కుర్రాడికే ఇంత ఇబ్బంది అయింది. తొందరపాటు వల్ల కుర్రాళ్లు దెబ్బతింటారు, ఆ భయం నిజమైనదే. అందుకే క్లబ్ ‘ఇంకా సిద్ధం కాలేదు’ అన్నప్పుడు అభిమాని అడగాల్సింది ఏ బంతి ఆడలేకపోతున్నాడు, ఏం నేర్చుకోవడానికి పంపుతున్నారు అని. దానికి జవాబు ఉంటే నమ్మొచ్చు. తేదీ తప్ప ఇంకేమీ చెప్పలేకపోతే నమ్మాల్సిన పనిలేదు.

ఈ గొడవంతా పేరున్న ప్రాస్పెక్టుల గురించి. క్యాంపులో ఎక్కువమంది వాళ్లు కారు. తొంభైల్లో నంబర్లు, కొందరి జెర్సీ వెనక పేరు కూడా ఉండదు. ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన జావెలిన్ త్రోయర్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో కాంట్రాక్టు రాసుకుని నిలబడింది ఆ వరుసలోనే. ఇద్దరూ పై లీగ్ దాకా చేరలేదు. ఏళ్ల తరబడి మైనర్ లీగ్ ఆటగాళ్లకు స్ప్రింగ్ ట్రైనింగ్‌లో జీతమే లేదు. పని చేయించుకుని కూలి ఇవ్వకపోవడమే అది. 2014లో వేసిన దావా 2022లో 18.5 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది. ఆ ఏడాదే వాళ్లు యూనియన్‌లో చేరారు. 2023 ఒప్పందంతో ట్రిపుల్-ఎ (మేజర్ లీగ్‌కు సరిగ్గా కింది మెట్టు) ఆటగాడి కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు అయింది. అదే ఏడాది మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000 డాలర్లు. మధ్యలో ఉన్నది ఒక్క మెట్టు, తేడా 20 రెట్లు. ‘రెండు వారాలు ఆపితే ఏం పోయింది’ అనేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. బ్రయంట్‌కు తర్వాత కొలరాడోలో 18.2 కోట్ల డాలర్లు వచ్చాయి కాబట్టి అతని గురించి ఎవరూ జాలిపడనక్కర్లేదు. మోచేయి ఆపరేషన్‌తో రెండో ఏడాదికే ఆగిపోయే పిచ్చర్‌కు ఆ పదహారు రోజుల జీతం చిన్న విషయం కాదు.

ఇప్పటి ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. తర్వాతి బేరంలో జీతాల పరిమితి మీదే అందరి దృష్టీ ఉంటుంది. నా దృష్టిలో సర్వీస్ టైమ్ అంతకంటే ముందు మారాలి. డ్రాఫ్ట్ పిక్ ఆశ చూపడం టాప్ 100లో ఉన్నవాళ్లకే పనికొస్తుంది, నూట ఒకటో వాడిని ఇప్పటికీ ఆపొచ్చు. జాబితాలతో సంబంధం లేకుండా, సీజన్‌లో 100 రోజులు జట్టులో ఉన్న ఎవరికైనా పూర్తి ఏడాది లెక్క కట్టాలి. అప్పుడు ఒక ఏడాది మిగుల్చుకోవాలంటే క్లబ్ ఆ కుర్రాడిని దాదాపు మూడు నెలలు దాచిపెట్టాలి. మూడు నెలలంటే సగం సీజన్. అంత కాలం మంచి బ్యాటర్ లేకుండా ఆడి ఓడిపోతుంటే, అది తెలివైన లెక్క అని సొంత అభిమానులు కూడా సమర్థించరు.