సుతిల్ దారమా, కంప్యూటర్ కాయిదమా

మా బావ ఒహాయోల ఉంటడు, అక్కడ 1979 ఫియాట్ స్పైడర్ కొన్నడు, రెండు డోర్లు, పైన మడతపెట్టే టాపు, ఎర్రగ మస్తుంటది ఫొటోల. జాతరకని వచ్చిండు, మేడారం పోయి తూకమేసి నిలువెత్తు బంగారం ఇచ్చిండు, గానీ హనుమకొండల మా ఇంట్ల దిగినకాన్నుంచి ఒకటే లొల్లి, బండి ఎడమకు గుంజుతున్నది, రెండు షాపులల్ల చక్రాల అలైన్‌మెంట్ చేపిచ్చిన, పైసలు పోయినయ్ గానీ గుంజుడు పోలే అని. మా బాపు ములుగు రోడ్డుల ముప్పయ్యేండ్లు గదే పని జేసి బంద్ వెట్టిండు. ఇద్దరికి ఛాయ్ కాడ వాదం వడ్డది, యాదికున్నకాడికి రాస్తున్న.

బావ: ఇగ ఫిక్స్ అయిన మామా. ఇటలీ బండ్లు తప్ప ఇంకోటి ముట్టని షాపు ఒకటున్నది, నాలుగు గంటల తోవ. ట్రైలర్ మీద ఏసుకొని పోత. మామూలు టైర్ షాపోళ్లకు ఈ బండి సమజ్ గాదు.

బాపు: ట్రైలర్ మీద పోయి ట్రైలర్ మీద వస్తే గుంజుడు పోయిందో లేదో ఎప్పుడు సూస్తవ్‌రా? అది పక్కకు వెట్టు. ఆ రెండు షాపులోళ్లు ఏం జేసిన్రు?

బావ: 3డీ మిషన్ మామా. నాలుగు చక్రాలకు టార్గెట్లు బిగిచ్చిన్రు, ముంగట కెమెరాలు, చివరకు ప్రింట్ ఇచ్చిన్రు, అన్నీ గ్రీనే, అంటే అన్నీ కరెక్టే అని. ఇగో సూడు.

(బాపు అద్దాలు వెట్టుకొని ఫోన్‌ల కాయిదం ఫొటోను వేళ్లతోని పెద్దగ జేసి శానాసేపు సూసిండు.)

బాపు: నీది ఎన్నటి బండి అన్నవ్?

బావ: 79.

బాపు: మరి గీడ పైన 2017 అని ఉన్నదేందిరా?

బావ ఫోన్ గుంజుకొని సూసుకున్నడు. ముఖం జూడాలె అప్పుడు. సంగతేందంటే 124 స్పైడర్ అని ఫియాట్ పేరు మీద రెండు బండ్లున్నయ్, పాతది 1966ల వచ్చింది, కొత్తది 2016ల వచ్చింది, కొత్తదాన్ని మాజ్డా వాళ్లు జపాన్‌ల వాళ్ల మియాటా అనే కారు కింది భాగం మీదనే కట్టిన్రు. పేరు తప్ప పాతదానికీ దానికీ సుట్టరికం లేదు. మిషన్ లిస్టుల పాతది లేకుంటే ఆ పోరడు ఉన్నదాన్ని నొక్కిండు. అది గ్రీన్ అన్నది వేరే బండి లెక్కన.

బావ: గిందుకే గద మామా నేననేది! తెలిసినోని కాడికే పోవాలె. నా మాట నువ్వే నిజం జేసినవ్.

బాపు: తెలిసినోడంటే బోర్డు మీద ఇటలీ జెండా ఉన్నోడా? నీ స్పైడర్ కింద ఉన్నది ఫియాట్ 124 అనే మామూలు కారు లెక్కనే. ఆ 124 తీస్కొనే మనదేశంల ప్రీమియర్ 118 ఎన్ఈ జేసిన్రు, 85ల. ఎన్ని బండ్లు మన షాపుకు రాలే! డాక్టర్లు, కాంట్రాక్టర్లు, అందరికీ అదే ఉండె.

బావ: మామా నీకు దండం వెడత. పినిన్‌ఫరీనా డిజైన్ అది. ఇంజన్ లాంప్రెడీ జేసిండు, ఫెరారీకి ఇంజన్లు జేసినాయన. దాన్ని దీస్కపోయి 118 ఎన్ఈ పక్కన వెడతవా?

బాపు: ఇంజన్‌తోని నాకేం పని, 118ల నిస్సాన్ ఇంజన్ ఉండె. నేను కిందికెళ్లి సూసేటోణ్ణి. కింది ఆర్మ్‌కు రెండు బోల్టులు, బోల్టు కాడ సన్న రేకులు, షిమ్స్. రెండిట్ల సమానంగ ఏస్తే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలుడు) మారుతది, ఒక దాంట్లకెళ్లి తీసి ఇంకో దాంట్ల ఏస్తే క్యాస్టర్ (చక్రం మలిగే ఇరుసు ముంగటికో ఎనకకో వాలుడు) మారుతది. అవి అయినంకనే టో (చక్రాల ముంగటి అంచులు లోపలికో బయటికో మల్లుడు), ఎందుకంటే షిమ్ కదిపితే టో మళ్ల తప్పుతది. ఇప్పుడు నీ కాయిదం సూడు, క్యాంబర్ ముందెంతనో తర్వాత గంతనే. టో మార్చే టై రాడ్ తిప్పి పంపిన్రు, అంతే.

బావ: వాళ్లు షిమ్స్ ముట్టరు మామా. అక్కడ ఉప్పు రోడ్లు, బోల్టులు జంగ్ పట్టి ఉంటయ్, ఇరిగితే పైసలు ఎవడు ఇయ్యాలె? గంటకు ఇంత అని లేబర్. స్పెషలిస్టయితే ఆ జిమ్మా తీస్కుంటడు. మన ఆటోనగర్ లెక్క గాదు అక్కడ, సుత్తె తీస్కొని రెండు దెబ్బలు ఏస్తమంటే.

బాపు: (కొంచెంసేపు ఆగి) జంగ్ మాట నిజమే.

బావ: ఇంకోటి. నువ్వు సుతిల్ దారం కట్టి చేస్తుంటివి గద, క్యాస్టర్ ఎట్ల కొలిచినవ్ దారంతోని?

బాపు: కొలువరాదు. చక్రాల కింద వెట్టే టర్న్ ప్లేట్లు, వాలు కొలిచే గేజ్ కావాలె. మిషన్ వద్దని నేనెప్పుడన్న? లిస్టుల లేని బండి వస్తే అంకెలు చేతితోని ఎక్కిచ్చుకునేటోడు కావాలె అంటున్న. టో పాత పుస్తకంల మిల్లీమీటర్లల్ల ఉంటది, మిషన్ డిగ్రీలల్ల అడుగుతది. నీది 13 ఇంచుల రిమ్ము, రిమ్ము కాడ 1 మిల్లీ అంటే 10 నిమిషాలు, డిగ్రీకి అరవై నిమిషాల లెక్కన. అదే 1 మిల్లీ టైరు బయటి అంచు కాడ కొలిస్తే 6 నిమిషాలే. యాడ కొలవాల్నో సూసుకోకుంట ఎక్కిస్తే మళ్ల గ్రీనే వస్తది, నువ్వు మళ్ల ఎడమకే పోతవ్.

బావ: సరే, అలైన్‌మెంట్ గాక వేరేదైతే?

బాపు: ఇప్పుడడిగినవ్. ముంగటి టైర్లు ఇటుది అటు మార్చి నడుపు, గుంజుడు కుడికి మారిందంటే టైరుదే తప్పు. మీ రోడ్డు కుడికి వాలుంటది, కుడికి పోతే రోడ్డు మీద ఏస్తుంటి, నీది ఎడమకు పోతున్నది. ఇగ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ బాక్స్‌ల లూజు, స్టీరింగ్ కింది ఐడ్లర్ ఆర్మ్. ఇవి సూడకుంట మిషన్ ఎక్కిచ్చేటోడు షాపోడే గాదు. ఔనూ, ఎనక చక్రాలకు గూడ పైసలు తీస్కున్నరా?

బావ: ఫోర్ వీల్ అని తీస్కున్నరు.

బాపు: ఎనక మొత్తం ఒకటే యాక్సిల్‌రా! సూసుడుంటది గానీ తిప్పేతందుకు ఏముంటది!

(బావ ఏమనలే. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్న.)

బావ: ఎన్ని జెప్పినా నేను స్పెషలిస్ట్ కాడికే పోత.

బాపు: పో, వద్దన్నంటినా. ముందు ఫోన్ జెయ్యి. రేటు చెప్పుడు కాదు, వాడు నిన్ను ఏమడుగుతడో ఇను. ఏమడగకుంట తెచ్చి ఇడిసిపెట్టు అన్నడంటే పెట్టెయ్.

రాత్రి ఏడున్నరకు, అక్కడ తొమ్మిది, బావ స్పీకర్ వెట్టి ఆ ఇటలీ షాపుకే చేసిండు. ఎత్తినాయన గొంతు ముసలాయనది. టైర్లు ఎన్నేండ్లవి అని అడిగిండు, స్ప్రింగులు ఎవరన్న మార్చిన్రా అని అడిగిండు, తర్వాత నువ్వెంత బరువుంటవ్, పక్కన ఎవరన్న కూసుంటరా, అంత బరువు సీట్ల వెట్టే కొలుస్త అన్నడు. బాపు గెలిచిన మొఖం వెట్టిండు, బావ గూడ గెలిచిన మొఖమే వెట్టిండు.

"బరువు..." అని బావ నసుగుతుంటే లోపల్నుంచి అమ్మ అన్నది: "మొన్న 84 కిలోల బెల్లం తూగినవ్ గద బిడ్డా, గదే చెప్పు."

"పౌన్లల్ల చెప్పాలె అత్తమ్మా," అని బావ ఫోన్ల లెక్క కొడుతున్నడు. బాపు అవతలి దిక్కు తిరిగి, "నడుపుకుంట పోరా, ట్రైలర్ మీద గాదు," అన్నడు.