ట్రస్టు ఉండగా బీమా కంపెనీ ఎందుకు?

పేదలకు ఉచితంగా చికిత్స అందించే ఎన్టీఆర్ వైద్య సేవను (ఒకప్పటి ఆరోగ్యశ్రీని) హైబ్రిడ్ విధానంలోకి మార్చడానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల రూపాయల వరకు చికిత్స ఖర్చు బీమా కంపెనీలది, ఆపైన 25 లక్షల వరకు ఇప్పుడు పథకాన్ని నడుపుతున్న ప్రభుత్వ ట్రస్టుది. దీనికి సంస్కరణ అని పేరు పెట్టారు గానీ, ఒక కార్యాలయం చేస్తున్న పనికి రెండో కార్యాలయాన్ని తెచ్చిపెట్టడమే ఇందులో జరుగుతున్నది.

ఇదేమీ మనం నడవని దారి కాదు. 2007లో ఆరోగ్యశ్రీ ప్రైవేటు బీమా కంపెనీతోనే మొదలైంది. 2008 జులైలో ఆరోగ్యశ్రీ-2 కింద చేర్చిన చికిత్సలను నేరుగా ట్రస్టుకే అప్పగించారు, తరవాత పథకమంతా ట్రస్టు చేతికే వచ్చింది. ముందస్తు అనుమతులు, ప్యాకేజీ ధరలు, క్లెయిముల పరిశీలన, ఆసుపత్రిలో రోగిని పలకరించే ఆరోగ్యమిత్ర వరకు యంత్రాంగమంతా అప్పటి నుంచీ ప్రభుత్వం కిందే నడుస్తోంది.

బీమా కంపెనీ వస్తే చెల్లింపులు వేగం పుంజుకుంటాయనీ, దొంగ క్లెయిములకు అడ్డుకట్ట పడుతుందనీ సమర్థకులు అంటున్నారు. బకాయిల కోసం పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు ఉన్నాయి కనుక ఆ ఆరాటం అర్థమవుతుంది. కానీ బకాయిలు పేరుకుపోయింది ట్రస్టుకు లెక్కలు రాక కాదు, ఖజానా నుంచి నిధులు సమయానికి విడుదల కాక. రేపు ప్రీమియం కట్టవలసిందీ ఆ ఖజానాయే.

అసలు లెక్క ఇక్కడుంది. సాధారణ బీమా సంస్థలు ప్రీమియంలో 30 శాతం దాకా, ఆరోగ్య బీమా మాత్రమే చేసే సంస్థలు 35 శాతం దాకా నిర్వహణ ఖర్చులు పెట్టుకోవడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఏజెంట్ల కమీషను లేని ప్రభుత్వ పథకంలో అంత అవసరం పడకపోవచ్చు. అయినా కంపెనీకి సిబ్బంది, క్లెయిములు చూసే టీపీఏ అనే మధ్యవర్తి సంస్థ, లాభం తప్పవు. ట్రస్టు మాత్రం ఎక్కడికీ పోదు, రెండున్నర లక్షలు దాటిన కేసుల కోసం దాని వైద్యులూ సాఫ్ట్‌వేరూ అలాగే కొనసాగాలి. కీమోథెరపీ మధ్యలో ఖర్చు ఆ గీత దాటిన రోగి కాగితాలు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మారాలి. పరిపాలనా వ్యయం తగ్గించడమంటే ఇదేనా?

విశాఖ కేజీహెచ్‌లోనో, గుంటూరు జీజీహెచ్‌లోనో ఈ పథకం కింద శస్త్రచికిత్స జరిగితే ట్రస్టు ఇచ్చే సొమ్ము ప్రభుత్వ ఆసుపత్రికే చేరుతుంది, రూపాయి బయటికి పోదు. బీమా వస్తే ప్రభుత్వం కంపెనీకి ప్రీమియం కడుతుంది, కంపెనీ తన వాటా ఉంచుకుని మిగిలినదాన్ని ప్రభుత్వ ఆసుపత్రికే తిరిగి ఇస్తుంది, అదీ క్లెయిమును తిరస్కరించకపోతేనే. సొంత పెరట్లోకి వెళ్లడానికి టోల్‌గేటు కట్టుకున్నట్టుంది ఈ ఏర్పాటు. మందుల కొరతతో, ఖాళీ పోస్టులతో ఈడుస్తున్న బోధనాసుపత్రులకు ఈ క్లెయిముల ఆదాయమే కాస్త ఊపిరి.

బీమా తప్పదని ప్రభుత్వం నిశ్చయించుకుంటే, కనీసం ప్రభుత్వ ఆసుపత్రుల క్లెయిములన్నిటినీ దాని పరిధి నుంచి తప్పించి ట్రస్టుకే వదిలేయాలి. కంపెనీకి కట్టే ప్రీమియంలో చికిత్సకు ఎంత పోయిందో, కార్యాలయానికి ఎంత పోయిందో ఏటా శాసనసభ ముందు పెట్టాలి.