నల్లమల సహకరించడం లేదు

అమీర్‌పేటలో జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు గీసి లెక్కలు కట్టడం), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం) నేర్చుకుంటున్న పిల్లల గోడు ఎవరికీ పట్టడం లేదు. ఫీజు కట్టారు. ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నారు. ప్రాజెక్టుకు కొండా అడవీ కలిసి కావాలంటే, దగ్గర్లో ఉంది కదా అని నల్లమలను ఎంచుకున్నారు. ఇంతవరకూ వాళ్ల వైపు ఏ లోపమూ లేదు. ఉన్నదంతా అడవిలోనే ఉంది, సాక్ష్యాలతో సహా నిరూపించవచ్చు.

మొదటి నేరం ఆకులు రాల్చడం. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 తీసిన డిసెంబరు నాటి చిత్రం ఒకటి, ఏప్రిల్ నాటిది ఒకటి దించుకుని, ఎనిమిదో బ్యాండ్ (కంటికి కనిపించని పరారుణ కాంతి) విలువలోంచి నాలుగోది (ఎరుపు కాంతి) తీసేసి రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ వస్తుంది. డిసెంబరులో మన్ననూరు చుట్టూ పచ్చగా ఉన్నదల్లా ఏప్రిల్‌కి పటంలో ఎర్రబడింది. నాలుగు నెలల్లో అడవి మాయం! రిపోర్టు రాసేశాక తెలుస్తుంది, టేకు, నల్లమద్ది వేసవిలో ఆకు రాలుస్తాయని. ముందస్తు నోటీసు ఇవ్వకుండా రాల్చడం ఏం పద్ధతి?

ఇక డిసెంబరును డిసెంబరుతోనే పోల్చే బుద్ధిమంతులూ ఉంటారు. వీళ్లను అడవి మోసం చెయ్యలేక యూరప్ వాళ్ల సాయం తీసుకుంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల్లో ప్రతి పిక్సెల్ (చిత్రంలోని చిన్న గడి) విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. ఎప్పుడో దాచుకున్న 2021 ఫైలులో ఒక పిక్సెల్‌కు ఎనిమిదో బ్యాండ్ 3000, నాలుగోది 500 అనుకోండి, ఎన్‌డీవీఐ 0.71. ఒక్క ఆకూ రాలని అదే చెట్టు 2023 ఫైలులో 4000, 1500గా కనిపించి 0.45కి పడిపోతుంది. లెక్క కట్టేముందు ఆ వెయ్యి తీసెయ్యాలి, లేదా గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో హార్మనైజ్డ్ (అన్నీ ఒకే కొలతకు తెచ్చినవి) అని పేరున్న సేకరణ వాడుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? అడవి పలచబడింది అని రాసేస్తే ఎవరూ కాదనరు, పైగా పేపర్లోనూ పడుతుంది.

రెండో నేరం నీడ. ఉపగ్రహం పొద్దున పదిన్నర ప్రాంతంలో వస్తుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, కొండల వాయవ్యపు వాలులు మసకలో ఉండిపోతాయి. ఏ పిక్సెల్ అడవి, ఏది నీళ్లు అని కంప్యూటర్‌తో వర్గీకరణ చేస్తే ఆ మసకంతా నీళ్లని వస్తుంది. అలా నల్లమలలో నిటారుగా నిలబడ్డ చెరువులు పుట్టుకొస్తాయి. ఎత్తుల డేటాతో వాలు లేయర్ తయారు చేసుకుని, అయిదు డిగ్రీలకు మించిన వాలు మీద నీళ్లని వచ్చిన పిక్సెళ్లను కొట్టెయ్యడం ఒక మార్గం. కొండలనే చదును చేయించడం శాశ్వత పరిష్కారం.

వాగుకు బఫర్, అంటే చుట్టూ రక్షణ వలయం, గీయడంలోనూ అన్యాయమే జరిగింది. పది మీటర్లు కావాలని పది అని కొట్టారు. లేయరేమో అక్షాంశ రేఖాంశాల పద్ధతి అయిన ఈపీఎస్‌జీ 4326లో, అంటే డిగ్రీల్లో ఉంది. శ్రీశైలం దగ్గర వాగుకు గీసిన రక్షణ వలయం ఉత్తరాన గ్వాలియర్ పొలిమేరలు తాకి, దక్షిణాన దాదాపు శ్రీలంక మొత్తాన్నీ కలిపేసుకుంది. ముందుగా ఈ ప్రాంతానికి సరిపోయే ఈపీఎస్‌జీ 32644 పద్ధతిలోకి మార్చుకుని ఉంటే మీటర్లలోనే పని జరిగేది. కానీ విదేశీ వ్యవహారాల అనుభవం వచ్చేది కాదు.

ఇన్ని చేసినా వర్గీకరణ ఖచ్చితత్వం 97 శాతం వస్తుంది, కంగారు పడక్కర్లేదు. కంప్యూటర్‌కు నేర్పించడానికి పటం మీద గీసిన పాలిగాన్లలోంచే (హద్దుల్లోంచే) పరీక్షకూ పిక్సెళ్లు తీసుకుంటే ఎవరికైనా వస్తుంది. విడిగా, అడవి, నీళ్లు లాంటి ఒక్కో తరగతికి కనీసం యాభై చొప్పున యాదృచ్ఛిక బిందువులు తీసి, వాటి దగ్గరికి నడిచి వెళ్లి చూడాలనే ఛాందసులున్నారు. వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, ఎండలో నడవాలి. దట్టమైన చెట్ల కింద ఫోన్ జీపీఎస్ పక్క పిక్సెల్‌లోకో, ఆ పక్కదానిలోకో జారుతుంది. అంతకన్నా గూగుల్ ఎర్త్‌లో చూసి చెట్టే అనుకోవడం నయం.

అసలు పేచీ పోడు దగ్గర. అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమిపై హక్కు రావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉందా అన్నది ప్రశ్న. సెంటినెల్-2 ఎగిరిందే 2015లో. సరే, అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-7 చిత్రం తెరిస్తే, 2003 మే 31న చిత్రంలో ఖాళీలు రాకుండా చూసే దాని స్కాన్ లైన్ కరెక్టర్ చెడిపోయింది, అప్పటినుంచీ నడిమి భాగం తప్ప చిత్రం నిండా నల్ల చారలే. ఒక ఎకరం అంటే 30 మీటర్ల పిక్సెళ్లు నాలుగున్నర. ఆ నాలుగున్నరా చార కింద పడితే, తాత దున్నిన చేను లేనట్టే. ల్యాండ్‌శాట్-5 చిత్రంలో చారలుండవు, కానీ అక్కడా ఆ నాలుగున్నరే. ఉపగ్రహ చిత్రం ఇతర ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. అయినా గ్రామసభలో పెద్దమనిషి వేలు పెట్టి చూపించే హద్దురాయికి ప్రొజెక్షన్ (పటం కొలతల పద్ధతి) ఏది?

కనుక నా ప్రతిపాదన ఇది. నల్లమలను సిలబస్‌లోంచి తీసేసి కొల్లాపూర్ మామిడి తోటలను పెట్టాలి. హెక్టారు విస్తీర్ణం, పది శాతం చెట్ల కప్పు ఉంటే యాజమాన్యంతో, జాతితో పనిలేకుండా ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కల్లో అది అటవీ విస్తీర్ణమే. మామిడి ఏడాదంతా పచ్చగా ఉంటుంది. వరసగా నాటి ఉంటుంది. కొండ నీడ పడదు. క్షేత్ర పరిశీలనకు బైకు మీద వెళ్లొచ్చు, మేలో అయితే సంతోషంగా వెళ్తారు కూడా. పులులెక్కడ అని ఎవరైనా అడిగితే, అది జువాలజీ వాళ్ల సిలబస్ అని చెప్పొచ్చు.