జేవీలో ఆగిన పిల్లాణ్ని స్కూలు మార్చకండి

అమెరికా రాజధాని చుట్టుపక్కల క్యాథలిక్ హైస్కూళ్లు బాస్కెట్‌బాల్ ఆడుకునే లీగ్ వాషింగ్టన్ క్యాథలిక్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. ఊరి నడిబొడ్డున యూనియన్ స్టేషన్ దగ్గర ఉన్న గొంజాగా, మేరీలాండ్‌లోని డిమాథా, ఆర్లింగ్టన్‌లోని బిషప్ ఒకానెల్, దక్షిణాన ఎక్కడో దూరంగా లియొనార్డ్‌టౌన్‌లో ఉన్న సెయింట్ మేరీస్ రైకెన్ అన్నీ ఇందులోవే. పాల్ ద సిక్స్త్ స్కూలు 2020లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి శాంటిలీ వైపు మారింది. ఆ చుట్టూ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఈ లీగ్‌లో తల్లిదండ్రులను వేధించే ప్రశ్న మనవాళ్ల ఇళ్లకూ వచ్చింది: తొమ్మిదిలో చేరిన పిల్లాడు పదిలోనూ జేవీలోనే, అంటే రెండో జట్టులోనే, ఉండిపోతే స్కూలు మార్చాలా?

మార్చకూడదనే నా అభిప్రాయం. మార్కెల్ ఫుల్ట్స్ సంగతే చూడండి. పదో తరగతిలో డిమాథా మెయిన్ జట్టులో అతనికి చోటు దక్కలేదు. ఆ ఏడాదంతా జేవీలోనే ఆడాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2017లో మొట్టమొదట ఎంపికైంది అతనే. అందరి పిల్లలూ ఫుల్ట్స్‌లు కారు, నిజమే. కానీ పదహారేళ్లకు ఇంకా ఒళ్లే ఎదుగుతుంటుంది. ఆ వయసులో కోచ్ ఇచ్చిన తీర్పును ఆఖరి తీర్పుగా తీసుకోవడం తొందరపాటే.

ఈ లీగ్ ఆటగాణ్ని తయారుచేసే తీరు వేరు. ఒకే జట్టు ఒకే సీజన్లో రెండోసారి, టోర్నమెంట్ కూడా కలిస్తే మూడోసారి ఎదురుపడటం ఇక్కడ మామూలు. మొదటి మ్యాచ్‌లో కుడిచేత్తో దూసుకెళ్లి పది పాయింట్లు కొట్టినవాడికి రెండో మ్యాచ్‌లో ఆ కుడివైపు దారి మూసుకుపోతుంది. అవతలి కోచ్ వీడియో చూసి డిఫెండర్‌ను అరడుగు అటు జరిపి నిలబెడతాడు. ఇక ఎడమచెయ్యి నేర్చుకోక తప్పదు. దేశమంతా తిరిగి కొత్త జట్టుతో ఒక్కసారి ఆడి వచ్చే అకాడమీల్లో ఈ ఒత్తిడి ఇంతగా ఉండదు.

రెండో మ్యాచ్‌కు ఎలా సిద్ధం కావాలో చూపించినవాడు డిమాథా కోచ్ మోర్గన్ ఉటెన్. 1956 నుంచి 2002 దాకా ఆయన జట్లు 1,274 మ్యాచ్‌లు గెలిచాయి, 192 ఓడాయి. 1964లో న్యూయార్క్‌లోని పవర్ మెమోరియల్ స్కూలు చేతిలో 62-65తో ఓడిపోయారు. అవతల ఏడడుగుల లూ అల్సిండర్ ఉన్నాడు, అతనే తర్వాత ఎన్‌బీఏ దిగ్గజమైన కరీమ్ అబ్దుల్ జబ్బార్. మరుసటి ఏడాది పోటీకి ముందు ఉటెన్ తన పొడుగు కుర్రాడి చేతికి టెన్నిస్ రాకెట్ ఇచ్చి బుట్ట ముందు నిలబెట్టాడు. అలవాటు ప్రకారం తిన్నగా వేస్తే బంతి రాకెట్‌కు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. కాబట్టి ఇంకా పైనుంచి, విల్లులా వంచి వెయ్యడం డిమాథా కుర్రాళ్లు నేర్చుకున్నారు. 1965 జనవరి 30న కోల్ ఫీల్డ్ హౌస్‌లో 46-43తో గెలిచి పవర్ మెమోరియల్ 71 వరుస విజయాలకు అడ్డుకట్ట వేశారు.

జేవీలో ముందు నేర్చుకోవలసింది షూటింగ్ కాదు, చార్జ్ తీసుకోవడం, అంటే బంతితో వచ్చేవాడికి అడ్డంగా నిలబడి గుద్దించుకుని ఫౌల్ అతని మీద పడేలా చెయ్యడం. దూసుకొచ్చేవాడు గాల్లోకి లేవకముందే దారిలో నిలబడాలి. మొదట రెండు పాదాలూ నేల మీద, ఛాతీ అతనివైపు ఉండాలి. ఆ తర్వాత పక్కకో వెనక్కో జరగవచ్చు. గుద్దు తగలగానే గడ్డం ఛాతీకి ఆనించి, పిరుదుల మీద పడి వెనక్కి జారాలి. పిల్లలు చేసే తప్పులు రెండు. అరసెకను ఆలస్యంగా వెళ్లడం మొదటిది. అప్పుడు రెఫరీ బ్లాకింగ్ ఫౌల్ వీడికే రాస్తాడు. రెండోది, పడేటప్పుడు అరచేతులు వెనక్కి పెట్టి మణికట్టు విరగ్గొట్టుకోవడం. ఎన్‌బీఏలోలా చార్జ్ చెల్లని అర్ధవృత్తం బుట్ట కింద హైస్కూల్ రూల్స్‌లో లేదు కనుక సరిగ్గా బుట్ట కింద కూడా చార్జ్ దొరుకుతుంది. టీవీలో ఆట చూసి పెరిగిన పిల్లలకు ఇది తెలియదు. దెబ్బ తగిలినట్టు నటించడం మాత్రం ఇప్పుడు కుదరదు. 2024-25 నుంచి మొదటిసారి హెచ్చరిక, ఆ తర్వాత జట్టుకు టెక్నికల్ ఫౌల్.

ఇవన్నీ ఒంటబట్టాలంటే ఒకే కోచ్ దగ్గర కనీసం రెండు సీజన్లు కావాలి. స్కూలు మారితే డిఫెన్స్ పిలుపులు, సెట్ ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు), ఎవరు ఎక్కడ సాయానికి రావాలో అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి.

మారవలసిన సందర్భాలూ లేకపోలేదు. ఫీజు మొయ్యలేనంత భారమైతే, కోచ్ వెళ్లిపోతే, పదకొండులో కూడా ఆడే నిమిషాలు దొరక్కపోతే ఆలోచించాల్సిందే. అప్పుడైనా ముందు జేవీ మ్యాచ్‌కు వెళ్లి రెండో సగం పూర్తిగా చూడండి. పాయింట్లు లెక్కపెట్టకండి. అవతలి జట్టు దాడి చేస్తూ బంతి కోర్టు మరో పక్కన ఉన్నప్పుడు మీవాడు సాయానికి పెయింట్‌లోకి, అంటే బుట్ట ముందున్న గీతల పెట్టెలోకి, ఎన్నిసార్లు అడుగు వేశాడో లెక్కపెట్టండి. ఆ లెక్క తక్కువగా ఉంటే కొత్త స్కూల్లోనూ వాడు బెంచి మీదే కూర్చుంటాడు. మారాలనే నిర్ణయించుకుంటే, మొదటి ఏడాది ఆడటానికి అర్హత ఉంటుందో లేదో కొత్త స్కూలు అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గర కాగితం మీద రాయించుకున్నాకే టీసీ తీసుకోండి.